కేసు నడిచినంత కాలం: వాడరేవు తీరంలో ఉద్యమ కార్యకర్తల శిక్షణ

న్యాయం కోసం, శాంతి కోసం పనిచేసే కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడం గత నాలుగు దశాబ్దాల్లో ఆసియా అంతటా ఒక స్థిరమైన పద్ధతిగా కుదురుకుంది. 1984లో హాంకాంగ్ కేంద్రంగా ఆసియా మానవ హక్కుల కమిషన్ మొదలైంది. 1991లో ఫోరం-ఏషియా ఏర్పడి, బ్యాంకాక్ నుంచి పనిచేస్తూ వస్తోంది. 1998 మే 17న దక్షిణ కొరియాలోని గ్వాంగ్జులో ఆసియా మానవ హక్కుల ప్రజా ప్రణాళికను ప్రకటించారు. ఈ వరసలో జరిగే వర్క్‌షాపులన్నిటికీ పాఠాలు దాదాపు ఒకటే. ఘటనను ఎలా నమోదు చేయాలి, బాధితుల మాట ఎలా రాసుకోవాలి, ఏ చట్టం ఎక్కడ పనికొస్తుంది, బయటి ప్రపంచానికి కబురు ఎలా అందించాలి. వ్యవధి కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు.

ఈ వ్యాసం ఆ వ్యవధి గురించే. వాడరేవు, చీరాల, కారంచేడు, కొత్తపట్నం, చుండూరు ఒకే తీరపు మైదానంలో ఉన్నాయి. ఇక్కడ నూరేళ్లలో కార్యకర్తల్ని తయారుచేసే ప్రయత్నాలు రకరకాలుగా జరిగాయి. ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని చూస్తే, శిక్షణను రోజుల్లో కొలవడం తప్పనిపిస్తుంది. దాన్ని కేసు నడిచినంత కాలంతో కొలవాలి.

రామదండు

మొదటి ఉదాహరణ అందరికీ తెలిసిందే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం 1921 ఏప్రిల్‌లో ఊరు ఖాళీ చేసి రామనగర్ అనే తాత్కాలిక నివాసాలకు తరలిపోయారు. దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ఈ వలస గురించి చాలా రాశారు. దాని వెనక ఉన్న రామదండు గురించి మాత్రం అంతగా రాయలేదు. ఎడింబరోలో ఎం.ఏ. చదివిన దుగ్గిరాల, సిలోనులో పుట్టిన ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన మనిషి. 1917లో ఆ పుస్తకం వెలువడింది. అలాంటి పండితుడు చీరాలలో కాషాయం కట్టిన వాలంటీర్ల దళాన్ని తయారుచేశాడు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు జనాన్ని అదుపులో ఉంచింది ఈ దండే. క్రమశిక్షణ, భక్తి, అహింస కలగలిసిన శిక్షణ అది. నేటి శాంతి వర్క్‌షాపుల్లో చెప్పే విషయాల్లో సగం అందులో ఉన్నాయి.

లోపం కూడా అందులోనే ఉంది. అంతా ఒక్క మనిషి మీద ఆధారపడింది. మాట్లాడకూడదన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు దుగ్గిరాలను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది పాటు తిరుచిరాపల్లి జైల్లో పెట్టారు. చీరాలలో ఉద్యమాన్ని ఆయనలా నడిపేవాళ్లు లేకపోయారు. 1922 మొదట్లో జనం మళ్లీ ఇళ్లకు చేరుకున్నారు. ఓటమికి ప్రభుత్వ నిర్బంధం పెద్ద కారణమే. నాయకుడి తర్వాతి వరసను తయారుచేయకపోవడం కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

సముద్రపు ఒడ్డున రాజకీయ పాఠశాల

1930ల్లో శిక్షణ రూపం మారింది. నిడుబ్రోలులో ఎన్.జి. రంగా రైతు కార్యకర్తల కోసం విద్యాలయం నడిపారు. 1937 వేసవిలో ఒంగోలుకు దగ్గర్లో ఉన్న కొత్తపట్నంలో సోషలిస్టులు, కమ్యూనిస్టులు రాజకీయ పాఠశాల పెట్టారు. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో కూర్మా వెంకటరెడ్డినాయుడి తాత్కాలిక మంత్రివర్గం ఉంది. పాఠశాలను నిషేధించారు, పోలీసులు లాఠీచార్జి చేశారు. పాఠాలు పూర్తికాకుండానే ఆ బడి చరిత్రకెక్కింది. మరుసటి ఏడు బాపట్ల దగ్గరి మంతెనవారిపాలెంలో మరో పాఠశాల జరిగింది. ఇక్కడ నేర్పింది సిద్ధాంతం. జిల్లా జిల్లాకూ నాయకులు తయారయ్యారు, కాబట్టి రామదండు లోపం కొంత తీరింది. అయితే శిక్షకుడు వక్తగా, విద్యార్థి శ్రోతగా ఉండే తీరు అప్పుడే స్థిరపడింది. ఇప్పటి వర్క్‌షాపులు కూడా దాన్నుంచి పూర్తిగా బయటపడలేదు.

చీరాల శిబిరం

1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర అగ్రకుల యువకులు గేదెలను కడిగి నీటిని పాడుచేస్తుంటే ఒక దళిత యువతి అభ్యంతరం చెప్పింది. మర్నాడు మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాలకు పారిపోయి వచ్చారు. తిరిగి ఆ ఊరికి పోమని తేల్చిచెప్పారు. చీరాలలో శిబిరం వెలిసింది. ఈ వ్యాసానికి ముఖ్యమైంది ఆ శిబిరమే.

దాన్ని సాధారణంగా పునరావాస శిబిరంగా, లేదా ఉద్యమ కేంద్రంగా చూస్తారు. నేను దాన్ని బడిగా చూడమంటున్నాను. పొలం పనులకు, పాలేరుతనానికి అలవాటుపడినవాళ్లు అక్కడ పత్రికలవాళ్లతో, నిజనిర్ధారణ కమిటీలతో, పోలీసులతో, మంత్రులతో మాట్లాడాల్సివచ్చింది. ఎవరు ఏ ఆయుధంతో వచ్చారు, ఎవరు ఎటు పరిగెత్తారు, ఎవరిని ఎక్కడ పొడిచారు అన్నది పదేపదే చెప్పాల్సివచ్చింది. చెప్పినకొద్దీ బాధితులు సాక్షులయ్యారు. సాక్షుల్లో కొందరు కార్యకర్తలయ్యారు. పాఠం చెప్పేవాళ్లూ పక్కనే ఉన్నారు. కారంచేడు హత్యలకు నిరసనగా హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసిన బొజ్జా తారకం, సంస్కృత అధ్యాపకుడు కత్తి పద్మారావు, పౌరహక్కుల సంఘం వాళ్లు. ఆ ఏడాది సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. తారకం రాసిన ‘పోలీసులు అరెస్టు చేస్తే’ లాంటి చిన్న పుస్తకం ఏ వర్క్‌షాపు కరదీపికకూ తీసిపోదు. సామాన్యుడు స్టేషను మెట్లెక్కేటప్పుడు ఏం అడగాలో తెలుగులో చెప్పిన పుస్తకం అది.

ఆ బడి సంవత్సరాల తరబడి సాగింది. కింది కోర్టు, హైకోర్టు దాటి కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలింది 2008 డిసెంబరులో. ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ల శిక్ష పడింది. అప్పటికి ఘటన జరిగి ఇరవైమూడేళ్లు. అన్నేళ్లూ మాట మార్చకుండా నిలబడటం ఏ వారం రోజుల శిక్షణలోనూ నేర్పలేని విద్య. ఊరికి తిరిగి వెళ్లకుండా చీరాల విజయనగర్ కాలనీలో స్థిరపడి, ఇరుగుపొరుగుగా ఉండటం వల్లే అది సాధ్యమైందని నా వాదన. ఒంటరి సాక్షిని బెదిరించడం తేలిక, కాలనీ మొత్తాన్ని లొంగదీయడం కష్టం.

మొదటి గంటలు

కారంచేడు అనుభవానికి మరోవైపును చుండూరు చూపిస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. అప్పటికి షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989 అమల్లోకి వచ్చింది. బాధితుల పోరాటం వల్ల ప్రత్యేక కోర్టు చుండూరులోనే ఏర్పాటైంది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, దాడి చేసినవాళ్లు ఫలానా అన్న సంగతి రుజువు కాలేదన్నది తీర్పు సారాంశం.

ఆ తీర్పు న్యాయమైందని నేను అనుకోను. ప్రాణభయంతో చెల్లాచెదురైనవాళ్లు గడియారం చూసుకుని పరిగెత్తాలని ఆశించడం ఏం తర్కం? అయినా శిక్షణ ఇచ్చేవాళ్లు ఆ మూడు మాటల్నీ పాఠంగా తీసుకోక తప్పదు. సమయం, చోటు, పేరు. ఊళ్లో మొదట చేరుకున్న కార్యకర్త ఆ కొద్ది గంటల్లో రాసుకున్నదో, రాసుకోనిదో ఇరవైయేళ్ల తర్వాత కోర్టులో బరువవుతుంది. ఇప్పటి చట్టం నిబంధనల ప్రకారం దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. కింది అధికారి చేస్తే నిందితుడి తరపు వకీలుకు అదే ఆయుధం. దీన్ని మొదటి రోజే అడగగలిగే కార్యకర్త ప్రతి మండలంలో ఉండాలి.

ఈ మైదానానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. లూథరన్, బాప్టిస్టు మిషన్ల కాలం నుంచి ఇక్కడి మాల, మాదిగ పల్లెల్లో చర్చి లేని ఊరు అరుదు. బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలం నుంచి వెళ్లిన ఒక కేసులో, క్రైస్తవం స్వీకరించి ఆచరిస్తున్న వ్యక్తి అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కుల ధ్రువపత్రం చేతిలో ఉన్నా సరిపోలేదు. మనీలాలోనో, బ్యాంకాక్‌లోనో తయారైన పాఠ్యప్రణాళికలో ఇది ఉండదు, ఉండాలని కోరడమూ అన్యాయం. స్థానిక శిక్షణ ఎందుకు కావాలో చెప్పడానికి మాత్రం ఈ ఒక్క కేసు చాలు.

భూమి విషయంలోనూ అంతే. 2008లో రాస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని వాడరేవు, నిజాంపట్నం ఓడరేవులు, పారిశ్రామిక కారిడార్ పేరుతో వాన్‌పిక్ ప్రాజెక్టును తెచ్చారు. వేల ఎకరాలు చేతులు మారాయి. తర్వాత సీబీఐ కేసు, 2012లో అరెస్టులు. వీటన్నిటి మధ్య ఊళ్లలోనివాళ్లకు కావలసింది అడంగల్ చదవడం, అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం తెలియడం, తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో తమ ఇసుక ఎక్కడ పడుతుందో గుర్తించగలగడం. పడవలు లంగరేసే మత్స్యకారుడికి పట్టా ఉండదు. వాడుక ఉంటుంది. వాడుకను రుజువు చేయడం నేర్పే క్లాసు ఇక్కడ ఇంకా రావలసి ఉంది.

గ్వాంగ్జు, చీరాల

పోలిక కోసం మళ్లీ గ్వాంగ్జుకు వెళ్దాం. 1980 మేలో సైన్యం అక్కడి జనాన్ని కాల్చిచంపింది. కారకులైన మాజీ అధ్యక్షులు చున్ దూ-హ్వాన్, రో తే-వూలకు కొరియా సుప్రీంకోర్టు 1997లో శిక్ష ఖరారు చేసింది. పదిహేడేళ్లు పట్టింది. ఈలోగా, 1994లో, అక్కడివాళ్లు మే 18 స్మారక ఫౌండేషన్‌ను స్థాపించుకున్నారు. ఆసియా నలుమూలల నుంచి కార్యకర్తలు నేర్చుకోవడానికి ఇప్పుడు ఆ ఊరికి వెళ్తున్నారు. బాధితుల జ్ఞాపకం అక్కడ పాఠ్యాంశమైంది.

చీరాలకు ఆ స్థాయి రాలేదు. కొరియాలో గెలిచిన ప్రజాస్వామ్య ప్రభుత్వం బాధితుల పక్షాన నిలబడింది. ఇక్కడ బాధితులకు ఎదురుగా నిలిచింది ఊళ్లోనూ, అసెంబ్లీలోనూ బలమున్న కులం. ఈ తేడా మరిచిపోయి ఇక్కడి ఉద్యమ నిర్వాహకులను తిట్టడం తగదు. అయినా ఒక పని మన చేతుల్లో ఉంది. శిబిరంలో ఉన్నవాళ్లు, కోర్టు బోనెక్కినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. కొందరు వెళ్లిపోయారు. వాళ్లు ఎలా రాసుకున్నారు, ఎలా గుర్తుపెట్టుకున్నారు, బెదిరింపులకు ఎలా తట్టుకున్నారు అన్నది వాళ్ల మాటల్లోనే నమోదు చేయాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలూ, హక్కుల సంఘాలూ ఈ పనిని కలిసి మొదలుపెట్టాలి. ఆసియా శిక్షణ సంస్థలు తమ తర్వాతి వర్క్‌షాపుల్లో ఒకటైనా విజయనగర్ కాలనీలో పెట్టి, అక్కడివాళ్లను శిక్షకులుగా కూర్చోబెట్టాలి.