పెరటి మూలికల తోట

పెరటి మూలికల తోట అనగా ఆహారంలో రుచికి, సువాసనకు, ఇంటి వైద్యానికి ఉపయోగపడే మొక్కలను రసాయన ఎరువులు, కృత్రిమ పురుగుమందులు వాడకుండా ఇంటివద్ద పెంచుకొనే చిన్న తోట. పెరడు లేనివారు మేడపైన, వసారాలో, కిటికీ అంచున కుండీలలో కూడా వీటిని పెంచవచ్చును. కొత్తిమీర, పుదీనా వంటి ఆకులను తరచుగా పచ్చిగానే తింటారు. కావున వాటిపై పురుగుమందు అవశేషాలు లేకుండా చూచుకొనడం ఈ విధానపు ముఖ్యోద్దేశం.

భారతదేశంలో అమ్మకానికి ఉద్దేశించిన సేంద్రియ పంటల ధ్రువీకరణకు 2001 నుండి జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం అమలులో ఉంది. సొంత వాడకానికి పెంచే తోటకు ధ్రువీకరణ అవసరం లేదు.

స్థలం, మట్టి

చాలా మూలికలకు రోజుకు 4 నుండి 6 గంటల ఎండ కావాలి. పుదీనా, సరస్వతి ఆకు కొంత నీడను తట్టుకుంటాయి. కుండీలో రెండు పాళ్ళు తోటమట్టి, ఒక పాలు బాగా చివికిన ఎరువు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరిపొట్టు కలిపి నింపుతారు. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. నీరు నిలిస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. పైమట్టి ఆరిన తరువాతనే మరల నీరు పోయాలి.

ముఖ్యమైన మొక్కలు

* కొత్తిమీర: ధనియాలను రెండు బద్దలుగా నలిపి సుమారు ఒక సెంటీమీటరు లోతున విత్తుతారు. మొలకెత్తడానికి 8 నుండి 15 రోజులు పడుతుంది. వేసవి వేడికి త్వరగా పూతకు వస్తుంది గనుక శీతాకాలం అనుకూలం. నారు పీకి నాటితే సరిగా బతకదు.
* మెంతికూర: 3 నుండి 5 రోజులలో మొలకెత్తి, సుమారు మూడు వారాలలో కోతకు వస్తుంది.
* పుదీనా: కాడ ముక్కలతో సులభంగా పెరుగుతుంది. దీని తీగలు పక్క మొక్కల చోటును ఆక్రమిస్తాయి గనుక వేరే కుండీలో నాటడం మంచిది.
* కరివేపాకు: పండిన కాయల గుజ్జు తీసి వెంటనే విత్తాలి. ఎండిన గింజలు మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతాయి. వేరు పిలకలతోనూ పెంచవచ్చును.
* తులసి: విత్తనాలతో పెరుగుతుంది. పూత కంకులను తుంచుతూ ఉంటే ఆకు ఎక్కువగా వస్తుంది.
* వాము ఆకు: కొమ్మ ముక్కతో నాటుకుంటుంది. నీరు తక్కువ చాలు.
* నిమ్మగడ్డి: దుబ్బు నుండి విడదీసిన పిలకలను నాటుతారు.

ఎరువులు

వంటింటి కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, పశువుల పేడ పొరలుగా వేసి, తడిపి, అప్పుడప్పుడు తిరగవేస్తే కొన్ని నెలలలో ఎరువు తయారవుతుంది. ఇటువంటి పద్ధతిని ఆల్బర్ట్ హోవర్డ్ 1924-31 మధ్యకాలంలో ఇండోరులో శాస్త్రీయంగా అభివృద్ధి చేశాడు. అందువలన దీనికి ఇండోరు పద్ధతి అనే పేరు వచ్చింది. వానపాముల ఎరువు కూడా కుండీలకు అనువైనది. పచ్చిపేడలో హానికర సూక్ష్మజీవులు ఉండవచ్చును. కావున పచ్చిగా తినే ఆకుకూరలకు పూర్తిగా చివికిన ఎరువునే వాడాలి.

చీడల నివారణ

పేనుబంక, పిండినల్లి తక్కువగా ఉన్నప్పుడు నీటి ధారతో కడిగివేయవచ్చు. కరివేపాకుపై మొదట పక్షి రెట్టలా, తరువాత ఆకుపచ్చగా కనబడే గొంగళిపురుగులు నిమ్మ జాతి సీతాకోకచిలుకలవి. వాటిని చేతితో ఏరివేస్తే చాలు. ఉధృతి ఎక్కువైతే 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొద్దిగా కుంకుడు రసం కలిపి చల్లుతారు. వేపలోని అజాడిరాక్టిన్ ఎండకు విచ్ఛిన్నమవుతుంది గనుక సాయంకాలం చల్లడం మేలు.

సేంద్రియమైనదంతా నిరపాయకరం కాదు. పొగాకు కషాయంలోని నికోటిన్ మనుషులకు విషం. తినే ఆకులపై దానిని చల్లరాదు. వేపనూనెను పిల్లలకు అందకుండా ఉంచాలి.

వైద్య వినియోగంలో జాగ్రత్తలు

మొక్కను సరిగా గుర్తించడం అన్నిటికంటే ముఖ్యం. తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబై వైద్యులు నివేదించారు. తిప్పతీగ సురక్షితమైనదేనని, దానిని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరొక జాతితో పొరబడే అవకాశమున్నదని 2022లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. టినోస్పోరా క్రిస్పా కాండంపై చిన్న బుడిపెలు ఉంటాయి. దాని నుండి పాలవంటి ద్రవం కారుతుంది. తిప్పతీగకు ఈ రెండు లక్షణాలూ ఉండవు.

కలబంద పట్ట కింద ఉండే పసుపు రసం తీవ్రమైన విరేచనకారి. గర్భిణులు, పసిపిల్లలు, దీర్ఘవ్యాధులకు మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా మూలికలను ఔషధంగా తీసుకొనరాదు. వంటలో వాడే పరిమాణానికి, మందుగా వాడే పరిమాణానికి చాలా తేడా ఉంటుంది.

కోత, నిల్వ

ఉదయం మంచు ఆరిన తరువాత ఆకు కోస్తే సువాసన బాగుంటుంది. ఒకేసారి మొక్కలో మూడో వంతుకు మించి కోయరాదు. ఇంట్లో పెరిగిన ఆకునైనా వాడేముందు శుభ్రంగా కడగాలి. తులసి, పుదీనా, కరివేపాకులను నీడలో ఆరబెట్టి, గాలి చొరని సీసాలలో నిల్వ చేయవచ్చును.

ఇవి కూడా చూడండి

* సేంద్రియ వ్యవసాయం
* వర్మీకంపోస్టు
* వేప
* తిప్పతీగ