చేతి గడియారం ఇంట్లో తయారవుతుందా?

ఖరగ్‌పూర్ అనగానే మనకు రైళ్లు గుర్తుకు వస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తర కోస్తా నుంచి ఉద్యోగాలకు వెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ ఊళ్లోనే స్థిరపడ్డాయి. ఆ ఊరి ఇందా ప్రాంతంలో మీ ఇల్లు ఉందనుకోండి. ఖరీదైన స్విస్ వాచీని తలపించే గడియారాన్ని ఇంట్లోనే తయారు చేయాలని మీకు సరదా పుట్టింది. సాధ్యమేనా? దీనికి ‘అవును’, ‘కాదు’ అని రెండు జవాబులున్నాయి. ఎందుకో చరిత్ర చెబుతుంది.

టిక్ టిక్ ఎక్కడిది?

కీ ఇచ్చే వాచీకి శక్తి చుట్టిన స్ప్రింగు నుంచి వస్తుంది. ఆ శక్తి ఒక్కసారిగా విడుదలైతే ముళ్లు గిర్రున తిరిగి ఆగిపోతాయి. అలా జరగకుండా ఎస్కేప్‌మెంట్ అనే అమరిక పళ్ల చక్రాన్ని కొద్దికొద్దిగా వదులుతుంది. మనం వినే టిక్ టిక్ అదే. ఎప్పుడు వదలాలో నిర్ణయించేది అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. దీన్ని అదుపు చేసే సన్నని చుట్ట స్ప్రింగును హాలెండ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1675లో ప్రకటించాడు. జేబు గడియారం నమ్మదగినదైంది ఆ తరువాతే.

ఇంగ్లండులో జాన్ హారిసన్ అనే వడ్రంగి తొలి గడియారాలను చాలావరకు కొయ్యతోనే చేశాడు. పట్టు విడవకుండా శ్రమించి 1759 నాటికి సముద్రయానానికి పనికివచ్చే పెద్ద జేబు గడియారాన్ని పూర్తి చేశాడు. 1761లో దాన్ని ఓడలో జమైకాకు పంపి పరీక్షించారు. 81 రోజుల ప్రయాణంలో, ముందే తెలిసిన దాని నడక తేడాను సరిచేసి చూస్తే, పొరపాటు సుమారు 5 సెకన్లే!

ఆకురాయి నుంచి యంత్రానికి

ఆ కాలంలో ప్రతి భాగాన్నీ ఆకురాయితో అరగదీసి అమర్చేవారు. ఒక వాచీ చక్రం మరో వాచీకి సరిపోయేది కాదు. 1850లలో అమెరికాలో ఆరన్ డెన్నిసన్, ఆయన సహచరులు యంత్రాలతో ఒకే కొలత భాగాలు తయారు చేసే దారి పట్టారు. రైల్వేలు ఈ కచ్చితత్వాన్ని తప్పనిసరి చేశాయి. 1891లో ఒహాయో రాష్ట్రంలోని కిప్టన్ వద్ద రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఒక ఉద్యోగి గడియారం నాలుగు నిమిషాలు వెనకబడడమే కారణమని చెబుతారు. ఆ తరువాత అక్కడి రైల్వే వాచీ వారానికి 30 సెకన్లకు మించి తప్పకూడదనే నియమం బలపడింది.

మన దేశంలో 1961లో బెంగుళూరులో హెచ్‌ఎంటి, జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో వాచీల తయారీ మొదలుపెట్టింది. మీ తాతగారి ‘జనతా’ వాచీ డయల్‌పై ‘17 జ్యూయల్స్’ అని చూసే ఉంటారు. అవి అలంకారం కాదు. ఇరుసులు అరగకుండా ఆపే కృత్రిమ కెంపులు. హెచ్‌ఎంటి వాచీల సంస్థను మూసివేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది.

మీ చేతికి దక్కే పని

ఇప్పుడు ‘కాదు’ అన్న జవాబు చూద్దాం. వెంట్రుకంత స్ప్రింగును, కంటికి ఆనని ఇరుసులను ఇంట్లో చేయడం దాదాపు అసాధ్యం. బ్రిటన్‌కు చెందిన జార్జ్ డేనియల్స్ వంటి అరుదైన నిపుణులే వాచీ మొత్తాన్ని తమ చేతులతో చేయగలిగారు.

‘అవును’ అన్న జవాబు విడిభాగాల పుణ్యమే. సీకో వారి ఎన్‌హెచ్ 35 వంటి యంత్రం విడిగా దొరుకుతుంది. దానికి సరిపడే డయల్, ముళ్లు, స్టీలు కేసు మీరు ఎంచుకోవచ్చు. స్టీలు వాచీ కూడా విలాస వస్తువు కాగలదని 1972లో జెరాల్డ్ జెంటా రూపకల్పన చేసిన ‘రాయల్ ఓక్’ నిరూపించింది.

కూర్పులో ఓపిక ముఖ్యం. దుమ్ము లేని బల్ల కావాలి. తేదీ మారిన క్షణంలోనే ముళ్లను 12 మీద బిగించాలి, లేకపోతే తేదీ మధ్యాహ్నమో సాయంత్రమో మారుతుంది. ముళ్లు ఒకదానికొకటి తగలకూడదు. కీ పుల్లను కొంచెం కొంచెంగా కత్తిరించాలి. ఎక్కువ తెగితే మళ్లీ అతకదు.

తరువాత పరీక్షించండి. ఈ యంత్రంలో గంటకు 21,600 టిక్కులు, అంటే రోజుకు 5,18,400. రోజుకు 10 సెకన్ల తేడా వచ్చిందంటే పొరపాటు 8,640లో ఒక వంతు మాత్రమే! అయితే దాన్ని సూర్యుడితో సరిచూడకండి. 1906 నుంచి మన ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల రేఖాంశం, అది కాకినాడ సమీపంగా పోతుంది. ఖరగ్‌పూర్ అంతకంటే తూర్పున ఉంది కనుక అక్కడ సూర్యుడు సగటున 19 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు.

ఒక్క మాట. డయల్‌పై పేరున్న కంపెనీ ముద్ర వేస్తే అది నకిలీ సరుకు అవుతుంది. అక్కడ మీ పేరే రాసుకోండి. లోపలి యంత్రం మూడు వందల ఏళ్ల శ్రమ ఫలితం, కూర్పు మీది. ఏది ఎవరిదో దాచకుండా చెప్పగలిగితే ఆ వాచీ నిజంగా మీదే!