చిత్రపటంలో చతురవస్థలు: పంచదశి దృష్టాంతం, తెలుగువారి వ్రాతపని



కంటికి గోచరించే వస్తువు నుండి కంటికి అందని తత్త్వానికి బుద్ధిని చేర్చే సోపానం దృష్టాంతం. రజ్జుసర్పం, ఘటాకాశం జిజ్ఞాసువులందరూ ఎరిగినవే. 14వ శతాబ్దికి చెందిన విద్యారణ్యస్వామి పేర ప్రసిద్ధమైన పంచదశిలో ఆరవదైన చిత్రదీప ప్రకరణం మాత్రం వస్త్రంపై చిత్రం వ్రాసే శిల్పి పనిని దృష్టాంతంగా గ్రహించింది. ఆ పని తెలుగునాట నేటికీ సజీవంగా ఉన్నది. దాని క్రమం తెలిస్తే ఆ ప్రకరణారంభం మరింత సుబోధమవుతుంది.

పటానికి నాలుగు అవస్థలు. స్వతః శుభ్రమైనది ధౌతం. గంజి పట్టించి బిగువు కల్పించినది ఘట్టితం. మసితో ఆకారరేఖలు గీసినది లాంఛితం. వర్ణాలు నింపినది రంజితం. పరమాత్మయందు వీటికి సరియైనవి చిత్, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్. శుద్ధచైతన్యమే మాయోపాధి చేత అంతర్యామిగా, సూక్ష్మసృష్టి చేత సూత్రాత్మగా, స్థూలసృష్టి చేత విరాట్టుగా వ్యవహరింపబడుతున్నది.

శ్రీకాళహస్తిలో ఈ శిల్పానికి వ్రాతపని అని పేరు. ముందుగా ముతక నూలువస్త్రాన్ని నానబెట్టి, ఉతికి, మగ్గపు గంజి పోగొడతారు. ఇది ధౌతం. పిమ్మట కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వలన సిరా పాకదు. కరక్కాయ ఒగరు వర్ణాన్ని పట్టి నిలుపుతుంది. ఇది ఘట్టిత స్థానీయం. చింతబొగ్గుతో రూపురేఖలు గుర్తించి, ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరబెట్టగా వచ్చిన ద్రవంతో, వెదురుకలం పట్టి వాటిని స్థిరపరుస్తారు. ఆ ద్రవం కరక్కాయ సారాన్ని తాకిన చోట నలుపు పుడుతుంది. ఇది లాంఛితం. ఎరుపు కావలసిన చోట పటికనీరు పూస్తారు. అప్పటికి ఎరుపు కనబడదు. వస్త్రాన్ని ఉతికి, ఎర్రరంగునిచ్చే వేళ్లతో, చెక్కలతో మరిగించినప్పుడే పటిక ఉన్నచోట ఎరుపు వెలువడి నిలుస్తుంది. అవ్యక్తం వ్యక్తం కావడమనగా ఏమో ఆ కాగు వద్ద నిలిచిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. తక్కిన వర్ణాలు కూడా నిండగా పటం రంజితమవుతుంది.

ఈ శిల్పానికి కలంకారీ అనే రెండవ పేరు ఫారసీ పదాలతో ఏర్పడినది. కలం అనగా లేఖిని, కారీ అనగా పని. 1591లో భాగ్యనగరాన్ని, అనగా నేటి పాతబస్తీని, నిర్మించిన కుతుబ్‌షాహీలకు మచిలీపట్నం ప్రధాన రేవు. 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థానం నెలకొల్పారు. ఆ స్థానంలో పనిచేసిన విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యాన్ని గూర్చి వ్రాసిన వృత్తాంతం 1626లో అచ్చయినది; ఎర్రరంగునిచ్చే చిరివేరు ప్రస్తావన అందులో ఉన్నది. 1640 ప్రాంతపు గోల్కొండ రుమాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో నేటికీ భద్రంగా ఉన్నది. శ్రీకాళహస్తి పటంపై రామాయణగాథ, గోల్కొండ రుమాలుపై పారశీక వేషధారులు. రూపాలు భిన్నమైనా అధిష్ఠానం నూలువస్త్రమే. మచిలీపట్నం సమీపాన పెడనలో కలానికి బదులు టేకు అచ్చులతో అద్దకం చేస్తారు. అక్కడ కూడా ముందుగా వస్త్రశుద్ధి, కరక్కాయ, పిమ్మటనే వర్ణం.

ఈ విద్య గ్రంథాల కంటె గురుముఖంగా, హస్తముఖంగా సాగినది. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాద్రీ దక్షిణదేశపు రంగరుల నుండి ఈ క్రమాన్ని విని లేఖారూపంలో స్వదేశానికి పంపాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో గల బంధుత్వాన్ని తరువాతి కాలంలో ప్రస్తావించినవాడు కూడా ఇతడే. అంతకు మునుపే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700 నాటి చట్టంతో, ఈ చిత్రవస్త్రాల దిగుమతిని నిషేధించాయి. పిమ్మట యంత్రపు అచ్చులు వచ్చి ఇక్కడి చేతిపనిని క్షీణింపజేశాయి. 20వ శతాబ్ది మధ్యకాలంలో కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రం ఏర్పడి పరంపర మరల చిగురించినది. ఆ పరంపరలోని జొన్నలగడ్డ గురప్పశెట్టి 2008లో పద్మశ్రీ పొందారు.

నేడు అంగళ్లలో కలంకారీ పేర లభించేవన్నీ ఈ క్రమంలో పుట్టినవి కావు. యంత్రపు అచ్చు వేసిన వస్త్రంపై రంగు తరచుగా పైపొరగానే నిలుస్తుంది. ధౌత, ఘట్టిత, లాంఛిత క్రమం అక్కడ లేదు. దేవతామూర్తికి పటం సమర్పించే భక్తులు ఈ భేదాన్ని గుర్తించడం శ్రేయస్కరం. శిల్పి చేయి ఆగిపోతే చిత్రదీపపు దృష్టాంతం కంటితో చూడదగినది కాక, కేవలం వ్యాఖ్యానంతో ఊహించవలసినది అవుతుంది.

ఆ ప్రకరణమే మరొక మాట చెబుతున్నది. చిత్రంలోని మనుష్యులు వేర్వేరు వస్త్రాలు ధరించినట్లు కనబడతారు. అవి వస్త్రాభాసలు, వాటితో ఎవరి చలీ తీరదు. నిజమైన వస్త్రం వారందరికీ ఆధారమైన ఆ ఒక్క పటమే. అట్లే నానా జీవులుగా తోచేవారు చిదాభాసులు; ఆధారచైతన్యం ఒక్కటే. ఆలయంలో వ్రాతపటం ఎదుట నిలిచినప్పుడు రాముని పీతాంబరాన్ని, హనుమంతుని కౌపీనాన్ని చూచే చూపు, ఒక్క క్షణం, వాటి వెనుకనున్న నూలుపై నిలిచినచో విద్యారణ్యుల ఉపదేశం ఫలించినట్లే.

ఓం తత్ సత్