లండను పానశాలలు

సాయంకాలము దీపములు పెట్టిన పిమ్మట నలుగురు చేరి ముచ్చటలాడుకొనుటకు మన పల్లెలలో రచ్చబండ కలదు, రామమందిరపు అరుగు కలదు; పట్టణములందు కాఫీ హోటలు కలదు. ఇంగ్లండులో ఆ పని చేసినది పానశాల. దానిని వారు పబ్లిక్ హౌస్ అందురు, క్లుప్తముగా పబ్ అందురు. అనగా పదిమందికి ప్రవేశము కల ఇల్లు. మద్యము నోట వేసికొనని నాబోటివాడు దీని చరిత్ర చెప్పబూనుట విడ్డూరముగా తోచవచ్చును. కాని చెరసాలల చరిత్ర వ్రాయువాడు దొంగ కానక్కరలేదు గదా!

మొదట ఇంగ్లండులో మద్యము ఇంటి వంటలలో నొకటి. బార్లీగింజలను నానవైచి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేడినీట నూరనిచ్చి పులియబెట్టినచో 'ఏల్' అను పానీయమగును. ఈ పని చాలవరకు స్త్రీలది. ఇంటికి కావలసినది పోగా మిగిలినపుడు ఇల్లాలు గుమ్మము ముందు ఒక కఱ్ఱను నిలిపి ఆకుల మండను కట్టెడిది. అది చూచి ఇరుగుపొరుగువారు వచ్చి కొని త్రాగెడివారు. ఏల్ త్వరగా చెడిపోవును; కనుక దూరము పంపుటకు వీలులేదు. పదునైదవ శతాబ్దమున సముద్రము కావలి నుండి హాప్ అను తీగపూవుల వాడుక వచ్చినది. ఆ పూవులు వేసి కాచిన బీరు చాలకాలము నిలువ యుండును. నిలువ యుండు సరకుపై పెట్టుబడి పెట్టవచ్చును. పెట్టుబడి వచ్చినపుడు వ్యాపారము క్రమముగా ఇల్లాలి చేతినుండి పెద్ద బట్టీల యజమానుల చేతికి పోయినది.

అప్పటి పానశాలలు మూడు తెగలు. సామాన్యులు బీరు త్రాగునది ఏల్‌హౌస్. ధనికులు ఫ్రాన్సు నుండి వచ్చిన ద్రాక్షసారాయము పుచ్చుకొనునది టావెర్న్. బాటసారికి అన్నము, పడక, గుఱ్ఱమునకు గడ్డి దొరకునది ఇన్. మన పూటకూళ్ల యిల్లును సత్రమును కలిపినట్టిది. 1393లో రెండవ రిచర్డు కాలమున, ఏల్ అమ్మువారు వాకిట గుఱుతు పెట్టితీరవలెనను శాసనము పుట్టినది. సరకు పరీక్షించు అధికారికి ఇల్లు తెలియవలెను గదా! చదువురానివారే హెచ్చు గనుక ఆ గుఱుతులు బొమ్మలైనవి. శ్వేతహరిణము రిచర్డు రాజలాంఛనము; ఆ పేరు పెట్టుకొన్న పబ్బులు నేటికిని ఇంగ్లండులో అనేకము కలవు.

థేమ్సు నదికి దక్షిణమున సదర్క్ అను పేటలో టాబర్డ్ అను ఇన్ ఉండెడిది. చాసరు కవి తన యాత్రికులను కాంటర్‌బరీకి బయలుదేరదీసినది అక్కడనుండియే. 1676 నాటి అగ్నిప్రమాదమున అది కాలినది. మరల కట్టినదానిని 1873లో పడగొట్టిరి. దాని ప్రక్కనున్న జార్జ్ ఇన్ మాత్రము 1677లో పునర్నిర్మాణమై, లండనులో వరండాల ఇన్లలో చివరిదై నిలిచియున్నది. ఇట్టి సత్రముల ముంగిళ్లలో నాటకములాడెడివారు. ప్రేక్షకులు పై వరండాలలో నిలిచి చూచెడివారు.

1552లో పార్లమెంటు ఏల్‌హౌసులకు మేజిస్ట్రేట్ల లైసెన్సు విధించినది. ప్రభుత్వమునకును పానశాలకును మధ్య సాగిన పెనుగులాటలో ఇది తొలి ఘట్టము. అసలు కష్టము తరువాత జిన్ రూపమున వచ్చినది. హాలెండు నుండి వచ్చిన మూడవ విలియము ఫ్రాన్సుతో యుద్ధమునకు దిగగా ఫ్రెంచి బ్రాందీ ఆగిపోయెను. 1690లో పార్లమెంటు స్వదేశపు ధాన్యముతో సారాయి దించుటకు తలుపులు బార్లా తెఱచినది. భూస్వాముల ధాన్యమునకు గిరాకి పెరిగినది. ఆ భూస్వాములే పార్లమెంటు సభ్యులు. ఇక అడ్డువారెవరు? లండను పేదపేటలలో కొట్టు కొట్టునందును, తోపుడుబండ్లపైనను జిన్ అమ్మజొచ్చిరి. 1734లో ఒక తల్లి, ధర్మశాలవారు తన రెండేండ్ల బిడ్డకు తొడిగిన క్రొత్తబట్టల నమ్మి జిన్ త్రాగుటకై ఆ బిడ్డ గొంతు నులిమినది. ఆమెను ఉరితీసిరి. ఈ వార్త నగరమును కలచివైచినది.

1736లో చట్టము వచ్చెను. జిన్ అమ్మువాడు ఏటికి 50 పౌన్లు లైసెన్సుకు కట్టవలెను. గాలనుకు 20 షిల్లింగులు సుంకము. అంత సొమ్ము చిల్లరవర్తకుడెక్కడ తేగలడు? లైసెన్సు తీసికొన్నవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అమ్మకము మాత్రము ఆగలేదు. ఆచూకీ చెప్పి బహుమానము పొందువారిని జనము వీథులలో తరిమి కొట్టిరి. 1743లో ఆ చట్టమును రద్దుచేయక తప్పలేదు. 1751లో హోగార్తు చిత్రకారుడు రెండు బొమ్మలు చెక్కి అచ్చువేసెను. ఒకదానిలో బీరు త్రాగి బలిసిన వీథి, రెండవదానిలో జిన్ త్రాగి చెడిన వీథి. తాగిన తల్లి చేతినుండి బిడ్డ జారి పడుచుండును. ఆ యేటి చట్టము తెలివిగలది. అది సుంకమును మితముగా పెంచినది. బట్టీదారులు చిల్లరగా అమ్మరాదన్నది. సారాయి అరువుల చిన్నబాకీలకు కోర్టులో దావా చెల్లదన్నది. నా మట్టుకు ఈ చివరి నిబంధనయే మిక్కిలి పదునైనదని తోచును. అయినను జిన్ తగ్గుటకు చట్టమొక్కటే కారణము కాదు. పంటలు చెడి ధాన్యము ధర పెరిగెను. 1757 మొదలు మూడేండ్లు ధాన్యముతో సారాయి దించుటయే నిషేధించిరి.

1830లో మరల వెనుకంజ. బీరు అందుబాటైనచో జనము జిన్ మానుదురని తలచి, రెండు గినీలు కట్టిన గృహస్థులకు బీరు అమ్ము హక్కు ఇచ్చిరి. ఎనిమిదేండ్లలో నలుబది వేలకు పైగా బీరుకొట్లు వెలసినవి. జిన్ వర్తకులు ఊరుకొందురా? అద్దములు, గ్యాసుదీపములు, చెక్కడపు పనులు గల దుకాణములు కట్టిరి. దరిద్రము ఎక్కడ హెచ్చో అక్కడనే అవి ధగధగలాడినవని డికెన్సు వ్రాసెను. తరువాతి పబ్బులలో అడ్డుగోడలు లేచినవి. కూలివానికి పబ్లిక్ బార్, దొరకు సెలూన్ బార్. బీరు ఒకటే యైనను రెండవచోట ధర కొంచెమెక్కువ.

1888లో గాంధీగారు లండను చేరిరి. మద్యము ముట్టనని తల్లికి మాట యిచ్చి వచ్చినవారాయన. బారిస్టరు కావలెనన్నచో ఇన్నర్ టెంపుల్ విందులకు హాజరు కావలెను. అచట నలుగురికి రెండు సీసాల ద్రాక్షసారాయము వడ్డింతురు. ఆయన త్రాగరు గనుక రెండును తక్కిన ముగ్గురికే దక్కును. అందుచేత ఆయన తమ బల్లవద్ద కూర్చుండవలెనని తోటి విద్యార్థులు పోటీపడెడివారట!

మొదటి ప్రపంచయుద్ధము పబ్బుల వేళలను కత్తిరించినది. మందుగుండు కర్మాగారములున్న తావుల మధ్యాహ్నము రెండున్నర గంటలు, సాయంకాలము మూడు గంటలు మాత్రమే తెఱచి యుంచవలెనన్నారు. మిత్రునికి మద్యము కొనిపెట్టుటయు నేరమైనది. కార్లైల్ ప్రాంతమున ప్రభుత్వమే 1916లో పబ్బులను కొని నడపసాగెను. ఆ యేర్పాటు 1973 వరకు సాగినది. యుద్ధము ముగిసినను మధ్యాహ్నపు మూసివేత 1988 వరకు పోలేదు. లండనులో బారిస్టరు చదివివచ్చిన ప్రకాశం పంతులుగారి ఆంధ్ర ప్రభుత్వము 1954 నవంబరులో మద్యనిషేధ సమస్యపైననే ఒక్క ఓటు తేడాతో పడిపోయినదని ఇచట జ్ఞప్తికి వచ్చుచున్నది. గ్లాసులోని వస్తువు మంత్రివర్గములను తారుమారు చేయుట ఒక్క ఇంగ్లండుకే పరిమితము కాదు.

2005 నుండి రాత్రి మూయువేళ పదునొకండు గంటలే యను కట్టడి సడలినది. కాని పబ్బులే తగ్గుచున్నవి. బ్రిటనులో నేడు ఏబదివేలకు లోపే. 1946లో జార్జి ఆర్వెల్ తన ఊహలోని ఆదర్శ పబ్బును వర్ణించుచు, అది నిశ్శబ్దముగా నుండి మాటలాడుకొనుటకు అనువైనదనియు, అందు పియానో లేదనియు, రేడియో సైతము లేదనియు వ్రాసెను. రేడియోలో కొలువు చేయువాడను గనుక అది చదివి కొంచెము నొచ్చుకొంటిని.