పండ్లతో వైన్ తయారు చేయొచ్చా..? వేంపల్లె రైతులు తప్పక తెలుసుకోవాల్సిన రూల్స్ ఇవే!

కడప జిల్లా వేంపల్లె, పులివెందుల ప్రాంతం అంటేనే చీనీ, అరటి తోటలు. రేటు పడిపోయినప్పుడల్లా రైతుకు కోత కూలి కూడా గిట్టదు. మిగిలిన కాయలతో వైన్ చేసి అమ్ముకోవచ్చు కదా అన్న ఆలోచన రావడం సహజమే. అయితే లైసెన్స్ లేకుండా ఆ పని మొదలుపెడితే నేరుగా ఎక్సైజ్ కేసే.

చట్టం ఏం చెబుతోంది?
రాజ్యాంగం ప్రకారం మద్యం తయారీ, అమ్మకం రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలోని అంశం. ఏపీలో 1968 నాటి ఎక్సైజ్ చట్టమే దీనికి ఆధారం. ఆ చట్టంలో 'మద్యం' అంటే బ్రాందీ, విస్కీ మాత్రమే కాదు. వైన్, బీరు, కల్లు కూడా అందులోకే వస్తాయి. లైసెన్స్ లేకుండా తయారు చేయడాన్ని సెక్షన్ 13 నిషేధిస్తోంది. ఉల్లంఘిస్తే సెక్షన్ 34 కింద జైలు, జరిమానా తప్పవు. సామగ్రితో పాటు సరుకు తరలించిన బండిని కూడా జప్తు చేయొచ్చు.

డిస్టిలరీ వేరు.. వైనరీ వేరు
పండ్ల రసాన్ని పులియబెడితే వచ్చేది వైన్. పులిసిన ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి ఆల్కహాల్ శాతం పెంచేది డిస్టిలరీ. ఒకదానికి తీసుకున్న లైసెన్స్ రెండోదానికి చెల్లదు. పంచాయతీ ఇచ్చే ట్రేడ్ లైసెన్స్ ఎక్సైజ్ అనుమతికి బదులు కాదు.

ఫుడ్ సేఫ్టీ రూల్స్ కూడా..
2019 ఏప్రిల్ 1 నుంచి మద్యానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ద్రాక్షతోనే కాదు, ఇతర పండ్లతో చేసే వైన్‌కూ ఇవి వర్తిస్తాయి. సీసాపై ఆల్కహాల్ శాతం, ఆరోగ్య హెచ్చరిక ఉండాల్సిందే.

తయారు చేస్తే అమ్ముకోవచ్చా?
తయారీ లైసెన్స్ ఉంటే షాపు పెట్టుకోవచ్చనుకుంటే పొరపాటే. అమ్మకానికి లైసెన్స్ వేరే. 2024 అక్టోబర్ 16 నుంచి ఏపీలో 3,396 ప్రైవేటు షాపుల విధానం వచ్చింది. 2024 లాటరీలో ఒక్కో దరఖాస్తుకే రూ.2 లక్షలు కట్టాల్సి వచ్చింది. షాపు రానివారికి ఆ డబ్బు తిరిగి రాలేదు. షాపులకు సరుకు కూడా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపోల నుంచే వెళ్తుంది.

ఇతర రాష్ట్రాల్లో ఎలా?
మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో ద్రాక్ష ప్రాసెసింగ్, వైన్ కోసం ప్రత్యేక పాలసీలు తెచ్చాయి. నాసిక్ వైనరీలకు పేరు తెచ్చింది ఆ దారే.

అందుకే డ్రమ్ములు కొనడానికి ముందే ఎక్సైజ్ శాఖ నుంచి రాతపూర్వకంగా వివరాలు తీసుకోవడం మంచిది. జ్యూస్, జామ్ లాంటి వాటికైతే ఎక్సైజ్ లైసెన్స్‌తో పనిలేదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి మాత్రం ఉండాలి.