తెలుగు ప్రాంతాల్లో న్యాయవిద్య ప్రవేశాలు

తెలుగువారిలో లా చదువు ఎవరికి అందిందన్నది చాలాకాలం వారి ఊరు ఏ ఏలుబడిలో ఉందన్నదాని మీదే ఆధారపడింది. కోస్తా, రాయలసీమ విద్యార్థులకు 1891లో ఏర్పడిన మద్రాసు లా కాలేజీయే దిక్కు. బి.ఎల్. పట్టా కావాలంటే ఆ నగరంలో బసకూ భోజనానికీ డబ్బుండాలి. చాలామంది ప్లీడరు పరీక్షతో సరిపెట్టుకున్నారు. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మంచి పేరే తెచ్చుకున్నా, ఆ హోదాతో పై కోర్టుల్లో వాదించే వీలు లేదు. అందుకే ఇంగ్లండు వెళ్లి చదివి, 1907లో బారిస్టరై తిరిగొచ్చారు.

నిజాం రాజ్యంలో అడ్డంకి మరొకటి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. తెలుగు పల్లెల పిల్లలకు చట్టం కన్నా ముందు భాష నేర్వాల్సి వచ్చేది. భాషే కాదు, రాజకీయమూ అడ్డొచ్చేది: 1938లో విద్యార్థుల వందేమాతరం ఉద్యమంలో పాల్గొని కాలేజీ నుంచి బహిష్కరణకు గురైన పి.వి. నరసింహారావు నాగపూర్‌ వెళ్లి చదివి, అక్కడే లా పట్టా పొందారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1945లో న్యాయబోధన చేపట్టింది. తర్వాతి దశాబ్దాల్లో నెల్లూరు, భీమవరం, అనంతపురం వంటి ఊళ్లకూ లా కాలేజీలు వచ్చాయి. ఇంటినుంచే వెళ్లి చదివే వీలు కలగడం, ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మార్పు.

1974 రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను మూడు స్థానిక ప్రాంతాలుగా గుర్తించి, 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. రాష్ట్రస్థాయి లా ప్రవేశ పరీక్ష అయిన లాసెట్ కౌన్సెలింగుకు వచ్చినవారు స్టడీ సర్టిఫికెట్లు పట్టుకురావడం అందుకే: ఏ తరగతి ఏ జిల్లాలో చదివారో అక్కడ తేలాలి.

హైదరాబాదులో నల్సార్ (1998), విశాఖ దగ్గర సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం (2008) వచ్చాక అయిదేళ్ల కోర్సు ఇంటర్ విద్యార్థులను ఆకర్షించింది. ఇలాంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి 2008లో మొదలైన క్లాట్ పరీక్ష ఇంగ్లీషులోనే జరుగుతుంది, కోచింగ్ ఖర్చు తోడవుతుంది. దాంతో పట్నం పిల్లలకే మొగ్గు. లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. పల్లె విద్యార్థికి ఇప్పటికీ అందుబాటులో ఉన్న ద్వారం అదే; లాసెట్ ద్వారా చేరే కాలేజీల్లో అధ్యాపకులనూ గ్రంథాలయాలనూ బలపరచడం ప్రభుత్వాల బాధ్యత.

రాష్ట్ర విభజన తర్వాత 2015 నుంచి రెండు రాష్ట్రాలూ లాసెట్‌ను వేర్వేరుగా నిర్వహిస్తున్నాయి. విభజన చట్టం పాత ప్రవేశ కోటాలను పదేళ్లకు మించకుండా కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది.