పుట్టింట పోయి మెట్టినింట నిలిచిన లేలాండ్

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో లేలాండ్ అనే చిన్న పట్నం ఉంది. ఊరి పక్కనే పెద్ద లారీల ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ తయారై గేటు దాటే కొత్త లారీల ముందు భాగాన డాఫ్ అని ఉంటుంది. డాఫ్ నెదర్లాండ్స్ కంపెనీ, దాని యజమాని ప్యాకార్ అమెరికా కంపెనీ. ఊరి పేరుతో ప్రపంచమంతా తిరిగిన లేలాండ్ లారీని ఆ ఊళ్లోనే చూడాలనుకుంటే మాత్రం మ్యూజియానికి వెళ్లాలి. అదే పేరు విజయవాడ ఆటోనగర్‌లో ఏ సందులోకి తిరిగినా కనిపిస్తుంది. సొంతూళ్లో చెరిగిపోయిన పేరు మద్రాసులో ఎలా నిలబడింది, ఇంకెన్నాళ్లు నిలబడుతుంది అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు యజమానుల చరిత్రలోనే ఉంది.

కథ జేమ్స్ సమ్నర్‌తో మొదలవుతుంది. కమ్మరి కొలిమి దగ్గర పెరిగిన ఈయనకు ఆవిరి ఇంజన్లంటే పిచ్చి. గడ్డి కోసే యంత్రానికి కూడా ఆవిరి ఇంజను తగిలించాడు. 1896లో స్పరియర్ కుటుంబం చేయి కలపడంతో లాంకషైర్ స్టీమ్ మోటార్ కంపెనీ పుట్టింది. మొదటి బండి టన్నున్నర సరుకు మోసే ఆవిరి వ్యాను. 1904లో పెట్రోలు బండి చేశారు. అది పనివాళ్లను ఎంత ఏడిపించిందో గానీ, దానికి 'పంది' అన్న ముద్దుపేరు మిగిలింది. 1907లో ఊరి పేరే కంపెనీ పేరై, లేలాండ్ మోటార్స్ అయింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ కంపెనీ బ్రిటిష్ సేనలకు దాదాపు 6 వేల వాహనాలు ఇచ్చింది. యుద్ధం అయిపోయాక చిక్కు వచ్చిపడింది. సైన్యం వదిలించుకున్న మూడు టన్నుల లారీలు చవగ్గా బజారులోకి వస్తే కొత్తవి ఎవరు కొంటారు? పైగా అరిగిపోయిన బండి నడిరోడ్డు మీద ఆగినప్పుడు జనం తిట్టేది దాని మీదున్న పేరునే. అందుకని లేలాండ్ వాళ్లు ఆ పాత లారీలను వేల సంఖ్యలో తామే తిరిగి కొన్నారు. లండన్ శివార్లలోని కింగ్‌స్టన్ దగ్గర దీనికోసమే ఒక ఫ్యాక్టరీ తీసుకుని, ఒక్కొక్క బండినీ బోల్టు బోల్టుగా విప్పి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ బిగించి అమ్మారు. ఆ ఖర్చుకు కంపెనీ దివాలా అంచుదాకా పోయింది. పేరు కోసం అంత డబ్బు పోసే నిర్ణయం మీద ఇవాళ ఏ కార్పొరేట్ బోర్డూ సంతకం పెట్టదని నా నమ్మకం.

ఆ తర్వాతి దశాబ్దాలు లేలాండ్‌కు మహర్దశ. బస్సులకు లయన్, టైగర్, టైటాన్. లారీలకు బీవర్, హిప్పో, ఆక్టోపస్. జంతుప్రదర్శనశాల మొత్తం రోడ్డెక్కింది. చేతిలో డబ్బు ఆడుతుండడంతో తోటి కంపెనీలను కొనడం మొదలైంది. 1951లో గ్లాస్గోలోని ఆల్బియన్, 1955లో స్కామెల్, 1962లో లండన్ బస్సులకు పేరుపడ్డ ఏఈసీ. వీటిలో ఆల్బియన్ మనకు కొత్తదేమీ కాదు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు తిరిగినవి ఆల్బియన్ బస్సులే. వాటిలో ఒకదాన్ని బాగుచేసి హైదరాబాద్ బస్ భవన్‌లో ఉంచారు. లేలాండ్ చేతికి వచ్చిన ఇరవై ఏళ్లకు ఆల్బియన్ పేరును పక్కన పెట్టేశారు. పేర్లు ఎలా పోతాయో లేలాండ్‌కు బాగా తెలుసు, కొన్నింటిని పోగొట్టింది తానే గనక.

1968లో దాని వంతు వచ్చింది. ప్రభుత్వ ప్రోద్బలంతో లేలాండ్‌ను కార్లు చేసే బ్రిటిష్ మోటార్ హోల్డింగ్స్‌తో కలిపి బ్రిటిష్ లేలాండ్ చేశారు. లారీల మీద వచ్చిన లాభం కార్ల నష్టాల్లో కరిగిపోయింది. కొత్త లారీల మీద పెట్టాల్సిన సొమ్ము పెట్టలేకపోయారు, ఈలోగా వోల్వో, స్కానియా బ్రిటన్ రోడ్లమీదికి దూసుకొచ్చాయి. 1975లో సర్కారే కంపెనీని స్వాధీనం చేసుకుంది. 1980లో కొత్త అసెంబ్లీ ప్లాంటు, రోడ్‌ట్రెయిన్ అనే మంచి లారీ వచ్చాయి గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. 1987లో లారీల విభాగాన్ని డాఫ్‌లో కలిపారు. 1993లో ఆ డాఫ్ దివాలా తీస్తే, లేలాండ్ మేనేజర్లు తమ ఫ్యాక్టరీని తామే కొనుక్కుని బతికించుకున్నారు. 1996లో డాఫ్‌ను కొన్న ప్యాకార్, 1998లో ఈ ఫ్యాక్టరీనీ కొంది. ఒకే యజమాని దగ్గర రెండు బ్రాండ్లు ఎందుకన్న లెక్క మొదలయ్యాక ఐరోపా అంతా తెలిసిన డాఫ్ పేరే మిగిలింది. అదే ప్యాకార్ చేతిలో ఉన్న మరో పాత ఇంగ్లిష్ లారీ ఫోడెన్. దాని చివరి బండి 2006లో ఇదే లేలాండ్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. ఫ్యాక్టరీ బతికినా పేరు బతకాలని లేదు.

ఇక మన వైపు కథ. 1948లో రఘునందన్ శరణ్ కొడుకు పేరు మీద అశోక్ మోటార్స్ పెట్టి, మద్రాసు పక్కన ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించడం మొదలుపెట్టాడు. దేశానికి కావలసింది లారీలని గ్రహించి లేలాండ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. లేలాండ్ వారి కామెట్ లారీలు ఎన్నూరులో తయారు కావడం అలా మొదలైంది. ఆయన విమాన ప్రమాదంలో పోయాక, 1955లో లేలాండ్ వాటా తీసుకోవడంతో కంపెనీ అశోక్ లేలాండ్ అయింది.

ఒకప్పుడు ఫ్యాక్టరీ ఇచ్చేది ఇంజను, చక్రాలు, స్టీరింగుతో కూడిన ఛాసీ మాత్రమే. డ్రైవరు తాత్కాలికంగా ఒక సీటు బిగించుకుని, తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టుకుని, ఎదురుగాలీ దుమ్మూ తింటూ నెల్లూరు, ఒంగోలు మీదుగా విజయవాడ తోలుకొచ్చేవాడు. ఆటోనగర్‌లో వడ్రంగులు చెక్కతో క్యాబిన్ కట్టి, రేకు కొట్టి, పెయింటరు నుదుటన ఇష్టదైవం పేరు రాశాక గానీ అది లారీ అయ్యేది కాదు. ఆ బండి చుట్టూ మేస్త్రీలు, విడిభాగాల కొట్లు, ఫైనాన్స్ వాళ్లు అల్లుకున్నారు. అప్పిచ్చేవాడు ముందు అడిగేది బండి పేరు, మోడల్ సంవత్సరం. నాలుగేళ్ల తర్వాత అమ్మితే ఎంత వస్తుందో ఆ పేరే చెబుతుంది. బ్రిటన్‌లో లేలాండ్ కోల్పోయింది సరిగ్గా ఈ గిరాకీనే.

1987లో బ్రిటిష్ వాళ్లు అశోక్ లేలాండ్‌లో తమ వాటా అమ్ముకుంటే, హిందుజాలు ఇటలీ కంపెనీ ఇవెకోతో కలిసి కొన్నారు. 2007లో ఇవెకో వాటానూ తీసేసుకున్నారు. ఇన్ని చేతులు మారినా పేరు మార్చే సాహసం ఎవరూ చేయలేదు. ఇక్కడో తమాషా ఉంది. ఆ ఇవెకోనే కొంటున్నట్టు 2025 జులైలో ప్రకటించింది టాటా మోటార్స్, అంటే అశోక్ లేలాండ్‌కు అసలు పోటీదారు. రక్షణ వాహనాలు పోను ఆ ఒప్పందం విలువ 380 కోట్ల యూరోలు.

అయితే విద్యుత్ బస్సులు వచ్చాక కొత్త ప్రశ్న లేచింది. హిందుజాలు ఇంగ్లండ్‌లో ఆప్టేర్ అనే బస్సుల కంపెనీని కొని దాని పేరు స్విచ్ అని మార్చారు. మన దేశంలోనూ విద్యుత్ బస్సులు ఆ పేరుతోనే అమ్ముతున్నారు. 2023లో హైదరాబాద్‌కు తిరిగివచ్చిన డబుల్ డెక్కర్లు స్విచ్ బస్సులే. బరువైన విద్యుత్ లారీలకు మాత్రం పాత పేరే ఉంచారు. 2025 మార్చిలో కృష్ణా జిల్లా మల్లవల్లిలో ప్రారంభమైన బస్సుల ప్లాంటు బోర్డు మీదా అశోక్ లేలాండ్ అనే ఉంది.

చరిత్ర మీద గౌరవంతో కార్పొరేట్ సంస్థలు పేర్లు నిలబెడతాయని నేననుకోను. ఆల్బియన్‌కూ ఫోడెన్‌కూ చరిత్ర తక్కువై కాదు అవి పోయింది. సెకండ్‌హ్యాండ్ బజారులో ఆ పేరుకు రేటు పలికినన్నాళ్లు లేలాండ్ ఉంటుంది. డీజిల్ బండ్లతో పాటు ఆ రేటూ పడిపోయిన రోజున హిందుజాలు ప్యాకార్ వేసిన లెక్కే వేస్తారు.